టీవీకి కట్టే నిమ్మకాయ

అత్తయ్యగారూ,

దెయ్యం సీరియల్ మొదలయ్యే ముందు మీరు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి టీవీకి కట్టేవారు, తెరలోంచి ఏదీ ఇంట్లోకి రాకూడదని. మీ అబ్బాయి నవ్వినా వినేవారు కాదు. మీరు పోయాక కూడా ఆ అలవాటు నేను మానలేదు.

ఇదివరకు సీరియల్లో దెయ్యాలు అత్త మీదో సవతి మీదో పగతో వచ్చేవి. ఇప్పుడొస్తున్న దాంట్లో దెయ్యం ఎవరినీ ఏమీ చెయ్యదు. సముద్రం కోసుకుపోయిన ఇంటి కోడలట. కొంగులోంచి నీళ్లు కారుతుండగా గుమ్మం గుమ్మానికీ వచ్చి, "మా ఇల్లు ఎక్కడండీ?" అని అడుగుతుంది. నిన్న పక్కింటి నూకరత్నం భయపడాల్సింది పోయి ఏడ్చేసింది.

"పాపం, ఎవరైనా చెప్పండర్రా ఆవిడకి!" అంది.

ఉప్పాడలో ఇల్లు పోవడమంటే ఏంటో ఎవరికి తెలియదు? మీరుండగా పెరటి గోడ దాకా వచ్చిన సముద్రం, పోయిన తుఫానుకి మన ఇల్లంతా తీసుకుపోయింది. మేం ఊళ్లోకి అద్దెకి వచ్చేశాం. ఆ దెయ్యాన్ని చూసి భయపడాలో జాలిపడాలో నాకు తెలియలేదు.

ఇవాళ మీ తద్దినం. డాబా మీద పిండం పెట్టాం.

"పాతింటి దగ్గర పెట్టాల్సిందేమో," అన్నారు మీ అబ్బాయి.

"అక్కడ నీళ్లే కదండీ," అన్నాను.

పొద్దు వాలినా కాకి ముట్టలేదు.

సీరియల్ వేళయింది. నిమ్మకాయ పట్టుకుని టీవీ ముందు నిలబడ్డాను. కట్టాలో వద్దో తెలియడం లేదు. ఇల్లు వెతుక్కుంటూ వచ్చేది మీరే అయితే?