ఆరడుగుల నీలిరాయి

వికారాబాద్,
ఆగస్టు

ప్రియమైన బిడ్డ ప్రియదర్శినికి,

అమ్మా నేనూ క్షేమం. బడి నుంచి రిటైరయ్యాక మొదలుపెట్టిన నా పాటల పుస్తకం పూర్తయింది. బంట్వారం వైపు కలుపు తీస్తూ ఆడవాళ్లు సగం తెలుగులో, సగం కన్నడంలో పాడుకునే పాటలన్నీ ఒకచోట చేరాయి.

ఇప్పుడు నాకొక పని చేసిపెట్టు. తాండూరులో మంచి నీలిరాయి ఒకటి చెప్పు. ఆరడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, పైన నున్నటి పాలిష్. చెక్క అయితే చెద పడుతుంది, రాయైతే శాశ్వతం. చాలాకాలంగా వాయిదా వేస్తున్నాను, ఇక ఆగను. అమ్మకు మాత్రం చెప్పకు.

నీ నాయిన,
మత్తయ్య

తాండూరు

ప్రియమైన నాయినా,

రాళ్లు కోసే అంజిలయ్యకు కొలతలు చెప్పిన. చేస్తున్న పని ఆపి, "ఎవలు పోయిండ్రమ్మా?" అన్నడు. "మా నాయినకు" అన్ననో లేదో, ఏడుపు ఆగలేదు. మనోళ్ల సమాధి రాళ్ల కొలత గదేనంట! పెదనాయిన గూడ బతికుండంగనే రాయి చేయించుకున్నడు, ఆ ఏడే పోయిండు.

గుండె పరీక్షకు పోయినవు గద, డాక్టర్ ఏమన్నడు? పుస్తకం అయిపోతే బతుకు అయిపోయినట్టేనా? ఫోన్ చేస్తే అమ్మే ఎత్తుతది, ఆమెకు చెప్పొద్దంటివి. బ్యాంకుల ఆడిట్ లేకుంటే రైలెక్కి వచ్చేదాన్ని. రెండు దినాలు గా పనిలనే ఉండి, మూడో దినం తెల్లారంగనే రాయి వద్దని చెప్పనీకి ఉరికిన. అప్పటికే బండెక్కించి పంపిండంట. వాపస్ పంపియ్యి నాయినా, నీకు దండం పెడ్త.

నీ బిడ్డ,
ప్రియ

వికారాబాద్

ప్రియమైన పిచ్చితల్లీ,

కళ్లు తుడుచుకో. చావడానికి నాకిప్పుడు తీరిక లేదు. గుండెకు ఢోకా లేదని డాక్టరే అన్నాడు.

అది రాసుకునే బల్ల కోసం బిడ్డా! తెలుగు పంతులునై ఉండి ఆ ఒక్క ముక్క రాయడం మరిచాను. ఇన్నాళ్లూ నా పుస్తకాలు మంచం నిండా పరుచుకుంటే మీ అమ్మ చాప మీద పడుకుంటోంది. ఆమె పుట్టినరోజుకు ఆమె మంచం ఆమెకు ఇచ్చేద్దామనుకున్నాను.

నీ ఏడుపు చూసి అంజిలయ్య ఏమనుకున్నాడో, "ప్రభువునందు విశ్రమించుచున్న" అని చెక్కి, పేరుకు చోటు వదిలి మరీ పంపాడు. మీ అమ్మ అది చదివి పడీపడీ నవ్వింది. "విశ్రమించుడా? గీ మనిషా? పొద్దంతా పుస్తకాల్ల తలకాయ పెట్టుడే గద!" అంది. బల్ల కట్టడానికి వచ్చిన మేస్త్రీ బీరన్న రాయిని తిరగేసి వేద్దామన్నాడు. నేనే వద్దన్నాను.

ఇన్నేళ్లూ ఆ కన్నడ పాటలను చెవితో విని తెలుగు లిపిలో రాసుకున్నానే తప్ప, కన్నడం చదవడం నాకు రాదు. ఈ సోమవారం నుంచి అక్షరాలు దిద్దుతున్నాను. ఆదివారం వచ్చి చూడు. రాయి మీద పేరుకు వదిలిన చోట నా ఒకటో తరగతి కన్నడ వాచకం ఉంది.

నీ నాయిన,
మత్తయ్య