యాకయ్య పటానికి బంతిపూల దండ

ఖిలా వరంగల్, సోమవారం

పెద్దలు యాకయ్య గారికి నమస్కారాలు.

మీ మనవరాలు రమ్య చదివే రెండో తరగతికి ఈ నెల బొమ్మలు చూడటం నేర్పుతున్నాను. గీయడం కాదు, చూడటమే. ఇంట్లో ఒక మంచి పటాన్ని పిల్ల కంటికి అందే ఎత్తులో తగిలించండి. కాసేపు చూడనిచ్చి, 'ఏం కనబడింది? ఏమనిపించింది?' అని అడగండి.

ఇట్లు,
మెహ్జబీన్ టీచర్

తా.క.: మ్యూజియంలో ఉన్నట్టు పటం కింద చీటీ అంటించాలి. పేరు, మొదలైన సంవత్సరం, పూర్తయిన సంవత్సరం రమ్యే రాయాలి.

మంగళవారం

మెహ్జబీన్ టీచరమ్మకు యాకయ్య దీవెనలు.

మా ఇంట్లో దేవుళ్లందరూ పైనే ఉన్నారు, దింపితే బాగుండదు. అందుకని సుబేదారిలో స్టూడియోకు పోయి ఫొటో దిగి, నా పటమే గుమ్మం పక్కన తగిలించాను. రమ్య చాలాసేపు చూసింది. ఏమనిపించిందంటే, 'బోసిగ ఉంది తాతా' అని బంతిపూల దండ వేసింది. చీటీ మీద 'యాకయ్య, 1954–2025' అని గుండ్రంగా రాసింది.

నేను బర్రెను కడిగి వచ్చేసరికి పక్కింటి సోమక్క వాకిట్లో శోకాలు పెడుతోంది. నన్ను చూసి, 'యాకన్నా, పోయినోనివి పోక మళ్ల ఎందుకొచ్చినవ్?' అని తిట్టింది.

ఇంకా బతికే ఉన్న,
యాకయ్య

తా.క.: డప్పులు కొట్టేవాళ్లు కూడా వచ్చారు. చాయ్ తాగించి పంపాను.

బుధవారం

యాకయ్య గారికి,

సిగ్గుతో రాస్తున్నాను, తప్పంతా నాదే. మా హెడ్మాస్టర్ రామలింగం సారు దారిలో మీ పటానికి దండ చూసి, బడిలో మీ కోసం మౌనం పాటించి, ఒక పూట సెలవిచ్చారు. రమ్య లేచి, 'మా తాత ఇంట్ల అన్నం తింటాండు సార్' అంది. సారు 'పాపం, చిన్నపిల్ల' అని కళ్లు తుడుచుకున్నారు. దయచేసి ఆ దండ, చీటీ తీసేయండి.

క్షమించమని కోరుతూ,
మెహ్జబీన్

తా.క.: ఏమనిపించిందని పిల్లలను అడిగాను. 'సెలవు మంచిగనిపించింది' అన్నారు. నిజమే చెప్పారు కాబట్టి మార్కులు వేశాను.

గురువారం

టీచరమ్మా,

తీయను. ఏటూరునాగారంలో ఉండే నా తమ్ముడు రాజమౌళి ఒక కోడిపుంజు గురించి నాతో గొడవపడి, 'నీ సావుకు గూడ రాను' అని పోయాడు. ఆ మాట నాకు ఇప్పటికీ నొప్పిగానే ఉంది. నేను పోయానన్న కబురు వాడికి చేరిందట. వస్తాడో రాడో చూడాలి. అందాకా నేను తలుపు చాటునే ఉంటాను. కోడలు పద్మలత తిడుతూనే అక్కడికి అన్నం తెచ్చిపెడుతోంది.

తలుపు చాటు నుంచి,
యాకయ్య

తా.క.: వచ్చినవాళ్లందరినీ రమ్య పటం ముందు నిలబెట్టి ఏమనిపించిందని అడుగుతోంది. 'పిసినారోడే గని మంచోడు' అన్నారు ఇద్దరు. గొంతులు గుర్తుపట్టాను.

శుక్రవారం

యాకయ్య గారికి,

నేనెంత చెప్పినా సారు వినడం లేదు. రేపు పిల్లలందరితో పరామర్శకు వస్తున్నాం. దయచేసి దగ్గకండి.

కంగారుగా,
మెహ్జబీన్

తా.క.: నేను కూడా ఏడవాలా?

ఆదివారం

టీచరమ్మా,

నిన్న మీరు బాగా ఏడ్చారు. మీరంతా వెళ్లాక రాజమౌళి వచ్చాడు. రమ్య వాణ్ణి పటం ముందు నిలబెట్టి, 'ఏం కనబడింది?' అంది. 'మా అన్న' అన్నాడు. 'ఏమనిపించింది?' అనగానే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇక ఆగలేక బయటికి వచ్చి, వాణ్ణి పట్టుకుని నేనూ ఏడ్చాను. వాడు అదిరిపడ్డాడు. తేరుకుని, 'సావుకు రానన్న. నువ్వు సావనే లేదు. నా మాట నేను తప్పలే' అని కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.

సంతోషంతో,
యాకయ్య

తా.క.: మా వాడలో ముసలివాళ్లంతా ఫొటోలు దిగడానికి సుబేదారి పోయారు. అందరికీ అలిగినవాళ్లు ఉన్నారట. చీటీలు రాయడానికి రెండో తరగతి మొత్తాన్ని పంపండి.