ఆదివారం నక్క

కైర్‌వెన్ కొండ, వేల్స్

అక్కా,

నేను కులాసా, దిగులు పడకు. గొర్రెలు ఈనుతున్నాయి, ఒక నక్క వచ్చి గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతోంది. పెద్ద బోరు రైఫిలు పేలితే తల్లులు పిల్లల్ని వదిలేసి పరుగెడుతున్నాయని చిన్న తూటాల పాయింట్ ట్వంటీటూ రైఫిలుకు మారాను. నక్క బాగా దగ్గరికి వచ్చేదాకా ఆగాలి గానీ, సైలెన్సరు బిగిస్తే దగ్గినంత చప్పుడు కూడా రాదు. ఆదివారం తుపాకీ ముట్టకూడదని నాకు తెలుసు, నక్కకు తెలియదుగా! పక్క చర్చిలో పాట సాగుతుండగా నక్కను కొట్టాను, ఎవరికీ వినపడలేదు. చంపిన నక్కను నలుగురికీ చూపించే అలవాటు కొద్దీ దాన్ని చర్చి దారిలోని మా పొలం గేటుకు వేలాడదీశాను. ప్రార్థన ముగిశాక ఊరంతా ఆ గేటులోంచే వచ్చారు.

“తుపాకీ నోరు నొక్కావు సరే, గేటు నోరెవరు నొక్కుతారయ్యా?” అంది మా యజమానురాలు నెరిస్.

ఉన్ని మేజోళ్ళు పంపు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఈ కార్డు ఆవిడకు చదివి వినిపించేటప్పుడు ఆదివారాన్ని శనివారం చేసి, చర్చి మాట మింగెయ్.

నీ తమ్ముడు
ఇద్రిస్