తెల్లగౌను

అక్కా, వందనాలు. కుశలం అడిగే ఓపిక కూడా లేదు, ఏమీ అనుకోకు.

పోయిన వారం మా చిన్నది నా కుట్టుమిషను పక్కన చేరి, తెల్లగౌను కావాలని ఒకటే గొడవ. తల్లి పోయాక నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక కదా అని, అర్జెంటు బట్టలన్నీ పక్కన పెట్టి మరీ కుట్టాను. మెడకి లేసు కూడా వేశాను.

ఇప్పుడు దానికి ఒళ్లు కాలిపోయే జ్వరం. ఆ గౌనుతోనే పడుకుంది. మందు పోస్తే ఉమ్మేస్తోంది. "జ్వరం తగ్గిపోతే అమ్మ దగ్గరికి ఎలా వెళ్తాను? పరలోకంలో అందరికీ తెల్లబట్టలేనని అత్త చెప్పిందిగా" అంటోంది.

నిన్ను తప్పుపట్టడం లేదక్కా. సండేస్కూల్లో పిల్లలకి నువ్వు చెప్పేది నేనూ నమ్ముతాను. కానీ దేవుడు పిలిచేదాకా ఆగాలని కూడా నువ్వే వచ్చి చెప్పు. నేను చెబితే వినడం లేదు.

పొద్దున మళ్లీ బతిమాలాను. "నువ్వూ తెల్లచొక్కా కుట్టుకో నాన్నా, ఇద్దరం వెళ్దాం" అంది. వద్దమ్మా అనడానికి నాకు నోరు రాలేదు.

ఈ ఉత్తరం తెచ్చిన డ్రైవరు బండిలోనే బయలుదేరు. ఆ తెల్లగుడ్డ ఇంకా మిగిలే ఉందక్కా.

నీ తమ్ముడు