వెర్నన్ జిడ్డు

డెల్మర్ గారికి,

మీరు సొంతంగా కాచిన జిడ్డు సీసపు తూటాలకు రాస్తే, నల్ల తుపాకీమందు పోసి పేల్చే పాతరకం తుపాకీ గొట్టంలో మసి తారులా గడ్డకట్టిందని రాశారు. కొవ్వొత్తుల మైనం వాడుంటారు. తేనెమైనమే కావాలి, గొర్రె కొవ్వుతో కలిపి. మన మిస్సోరీ ఎండలకు మైనం ఎక్కువ వెయ్యాలి. గోరుతో నొక్కితే గుంట పడాలి, గోరుకు అంటకూడదు.

‘వెర్నన్ జిడ్డు’ అని తుపాకీ క్లబ్బులో అందరూ మెచ్చుకునేవారు. ముప్పై ఏళ్లు దాన్ని కాచింది నేను. "నీ పేరు చెబితే నవ్వుతారే" అనేవాడు మా ఆయన వెర్నన్. ఆయన పోయాక ఆ గిన్నె పొయ్యెక్కలేదు. మీ ఉత్తరం చూసి నిన్న ఎక్కించాను.

మీరు ఆయన తుపాకీ ఇమ్మని అడిగారు. ఇవ్వను. అక్టోబరు గురి పోటీలో ఆయన పేరు కొట్టేసి నా పేరు రాయండి. నవ్వేవాళ్లుంటే, గురి బోర్డు మీద నా చిల్లులు చూశాక నవ్వమనండి.