దగ్గర సంబంధం

ఫిల్మ్‌నగర్

అన్నయ్యకు, చెల్లెలు రత్నం దండం పెట్టి రాస్తున్నది.

నువ్వూ వదినా సుజాతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ మేం బాగానే ఉన్నాం, బెంగ పెట్టుకోకు. ఫోన్‌లో చెబితే సగం వినకుండానే కేకలేస్తావని ఉత్తరం రాస్తున్నాను. పూర్తిగా చదివాక వెయ్యి.

నాకు కుట్టుపనికి లోటు లేదు. సినిమా పాటల్లో ఆడే అమ్మాయిలందరికీ ఒకే రంగు లంగాలు కుట్టి కుట్టి, కళ్ళు మూసుకున్నా ఆ ఎరుపే కనిపిస్తోంది. మీ బావ జూబ్లీ హిల్స్‌లో ఒకరి కారు నడుపుతున్నారు. వానలు పట్టుకున్నాయి. కష్టం సుఖం చెప్పుకుందామంటే మనవాళ్ళెవరూ లేరు, కుట్టుమిషనే తోడు. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండురొయ్యలు పంపు.

ఇక గౌరి సంగతి. ఎనిమిదేళ్ళొచ్చినా అయిదేళ్ళ పిల్లలాగే ఉంది. అక్కడ ‘రక్తం తక్కువ’ అని నెలనెలా ఎక్కించి పంపేవారు, మనం దిష్టి అనుకునేవాళ్ళం. ఇక్కడి ఆసుపత్రిలో మొదటి నుంచీ అన్నీ అడిగారు. నర్సమ్మ “మీది దగ్గరి సంబంధమా?” అంది.

“లేదండీ, బాగా దూరం. వాళ్ళ ఊరెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి” అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. “ఊరు గాదక్కా నేనడిగేది! లగ్గం గాకముందు మీ ఆయన నీకు ఏమైతుండె?”

“మా మేనమామ కొడుకండీ.”

నవ్వడం మానేసి రాసుకుంది.

తర్వాత డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. మా ఇద్దరి రక్తంలోనూ ఒక దోషం దాగి ఉందట. ఒక్కరి నుంచే వస్తే బిడ్డకి జబ్బు రాదు, ఇద్దరి నుంచీ వస్తే ఇలా అవుతుంది. మేనరికాలన్నిటికీ రాదు గానీ, ఒకే కుటుంబం గనుక ఇద్దరిలోనూ ఉండే వీలు ఎక్కువట. మా పెద్దాడు రవికీ పరీక్ష చేశారు. దుక్కలా ఉన్నాడు, అయినా వాడి రక్తంలోనూ అది దాగి ఉంది.

శ్రావణంలో రవికీ సుజాతకీ ముహూర్తం పెట్టిస్తానన్నావు. ఆపు అన్నయ్యా. ముందు సుజాతకి రక్తపరీక్ష చేయించు. లేదని తేలితే ఆ మర్నాడే తాంబూలాలు పుచ్చుకుందాం. ఉందని తేలితే మాత్రం ఈ పెళ్ళి వద్దు. ఆడపిల్లకి పరీక్షలేమిటి, ఊళ్ళో పరువేం కాను అంటావు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నాకూ తెలుసు. కానీ నరం దొరక్క గౌరిని మళ్ళీ మళ్ళీ పొడుస్తుంటే, కదలకుండా పట్టుకుని కూర్చునేది నేను. నా చోట సుజాత కూర్చోవడం నేను చూడలేను. నువ్వు నాతో మాట్లాడటం మానేసినా సరే.

అమ్మకి నువ్వే సర్దిచెప్పు. వదినకూ పెద్దలందరికీ నా నమస్కారాలు.

రాస్తుండగా గౌరి పక్కన చేరి అంతా చదివేసింది. “సుజాత వదినకి సూదంటే భయమైతే నేనొచ్చి చెయ్యి పట్టుకుంటానని మామయ్యకి రాయమ్మా. వదినకి ఒక్కసారే కదా” అంది.

నీ దీవెన కోరే చెల్లెలు,
రత్నం