బోద రిజిస్టరులో నా పేరు

కొత్తరేవుపాలెం, రేపల్లె తాలూకా,
తేది 7–6–1971.

జిల్లా ఆరోగ్యాధికారి గారి సముఖమునకు,
ప్రధానోపాధ్యాయులు నరసింహం గారి ద్వారా.

అయ్యా,

విషయం: బోదవ్యాధిగ్రస్తుల రిజిస్టరు నుండి నా పేరు కొట్టివేయించుట గురించి.

ఎలిమెంటరీ పాఠశాల ఉపాధ్యాయురాలు ఎం. సుగుణమ్మ విన్నవించుకొనునది.

1. నేను బాపట్లలో ట్రెయినింగు అయి, ఇరవై రెండేళ్లుగా ఒకటో తరగతి చెప్పుచున్నాను. గత ఫిబ్రవరిలో ఫైలేరియా సిబ్బంది మా ఊరు వచ్చి, వాచిన నా కుడిచేతిని చూసి బోద అని రాసుకొనిపోయినారు. నాకు బోద లేదు.

2. ఈ చేతికి సూది గుచ్చరాదని డాక్టరు గారు చెప్పియున్నారు. ఆ మాటే చెప్పితిని. "ఎందుకు గుచ్చకూడదండీ?" అని రక్తపరీక్షకు సూది పట్టుకొన్న అబ్బాయి అడిగినాడు. నలుగురు మగవాళ్లు నిలబడి ఉండగా కారణం చెప్పలేక ఆ చేతి వేలే చాచితిని. మూడోనాటికి చెయ్యి ఎర్రబడి, చలిజ్వరంతో పదకొండు రోజులు మంచం పట్టితిని. అది చూసి బోదజ్వరమేనని ఊరు తేల్చేసింది.

3. అప్పటినుండి పిల్లలను తాకనీయరు. ఒకటో తరగతి వాళ్లకు చెయ్యి పట్టుకొని దిద్దించకపోతే అక్షరం రాదు, అది తమరికి తెలియనిది కాదు. సుబ్బాయమ్మ అనే తల్లి కొడుకు పలక తీసేసుకొని, "పంతులమ్మగారూ, కోపం తెచ్చుకోకండి, మావాడి చెయ్యి మాత్రం పట్టుకోకండమ్మా" అన్నది. కోపం రాలేదు. అంత ఓపిక కూడా లేదు. హెడ్మాస్టరు గారు నన్ను వరండాలో హాజరుపట్టీల దగ్గర కూర్చోబెట్టినారు.

4. వాపుకు కారణం: 1969లో గుంటూరులో కాన్సరుకు ఆపరేషన్ జరిగినది. చంకలోని గ్రంథులు కూడా తీసివేసినందున, చేతిలోని నీరు పైకి పోయే దారి లేక నిలిచిపోవునని డాక్టరు గారన్నారు. పొద్దస్తమానం బరువు. నల్లబల్ల పై వరుస అందదు. తెనాలి దర్జీ చేత రవికలకు కుడిచెయ్యి వదులు పెట్టించుకొనుచున్నాను. ఇది ఒకరికి అంటునది కాదు.

5. ఆపరేషన్ కడుపులో గడ్డకని ఊళ్లో చెప్పుకొంటిని. నిజం నా భర్త అంద్రెయగారికే తెలుసు. ఈ అర్జీలో కూడా "శరీరంలో ఒక భాగము" అని రాసి మూడుసార్లు చించితిని. అట్లా రాస్తే తమ ఆఫీసువారు మళ్లీ వివరణ అడుగుదురు. అందుచేత రాస్తున్నాను. కుడిరొమ్ము తీసివేసినారు.

కావున బడి తెరిచేలోగా రిజిస్టరులో నా పేరు కొట్టివేయించి, ఇది అంటువ్యాధి కాదని ఒక ముక్క రాయించి ఇప్పించ ప్రార్థన. ఆసుపత్రి కాగితం జతపరచితిని. అలసినదాని మనవి, చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఎం. సుగుణమ్మ

తా.క. ఇది నరసింహంగారికి. సార్, అర్జీ మీ ద్వారానే పోవాలి గనుక ముందు చదివేది మీరే. ఆ సిగ్గుతోనే నాలుగు నెలలు రాయలేదు. చదివారు కదా, ఇక ముద్ర వేసి పంపండి. ఇంటికెళ్లి మీ ఆవిడ సుబ్బరత్నమ్మగారికి కూడా చెప్పండి. ఆవిడతో అంటే సాయంత్రానికి ఊరందరికీ తెలుస్తుంది. తెలియనివ్వండి. పైనుంచి ఉత్తర్వు ఎప్పుడొస్తుందో ఏమో, బడి మాత్రం వచ్చే సోమవారమే తెరుస్తారు. ఒకటో తరగతి నాకే ఇవ్వండి సార్.